పెరడు పోయింది, పెయింటు బకెట్ వచ్చింది

మా కాలనీలో పిల్లలు, ఎక్కువమంది తొమ్మిది, పది చదివేవాళ్లే, ఖాళీ స్థలంలో పాత బకెట్లు, గోతాలు పెట్టి కూరగాయలు పెంచుతున్నారు. చూసినవాళ్లంతా ఇదేదో కొత్త ఐడియా అంటున్నారు. కొత్తేం కాదు. బెజవాడ పాత పేటల్లో పెంకుటిళ్లున్న రోజుల్లో అంట్లు తోమిన నీళ్లు నేరుగా అరటిచెట్టు మొదట్లోకి పోయేవి, కూరగాయల తొక్కలు, పొయ్యిలో బూడిద, పేడ అన్నీ పెరట్లో ఓ మూల చేరి ఎరువయ్యేవి, చిల్లిపడిన కుండలో పుదీనా పెరిగేది. దానికి ఎవరూ పేరు పెట్టలేదు, అంతే.

మరి ఆ పెరడు ఏమైంది? 1850ల్లో కృష్ణ మీద ఆనకట్ట వచ్చాక కాలవలు, తర్వాత రైలు వచ్చి ఊరు పెరిగింది, 1888లో మున్సిపాలిటీ అయింది. జనం పెరిగేకొద్దీ గజం రేటు పెరిగి, ఇల్లు తీసేసి అపార్ట్‌మెంట్ కట్టడం, మిగిలిన జాగాలో పార్కింగ్ కోసం సిమెంటు పోయడం మామూలైపోయింది. పెరట్లో ఎరువయ్యే తొక్కలే ఇప్పుడు చెత్త అయ్యాయి, అందులో కొంత కాలవల్లోకి కూడా పోతోంది. తడి చెత్త, పొడి చెత్త ఇంట్లోనే వేరు చేయాలని కేంద్రం 2016లో తెచ్చిన చెత్త నిర్వహణ నిబంధనలు చెప్పాయి కానీ, వేరు చేసిన తడి చెత్త వేయడానికి ఇంటి దగ్గర మట్టే లేకపోతే ఆ పని మీద మనసెలా నిలుస్తుంది?

బడుల సంగతికొస్తే, చేతిపని చదువులో భాగం కావాలని 1937లో వార్ధాలో గాంధీజీ చెప్పారు. 1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ మొక్కలు నాటే వనమహోత్సవం మొదలుపెట్టారు. 2001లో బడుల్లో పర్యావరణం కోసం ఎకో క్లబ్బులు, 2019లో బడి పెరటి తోటలకు కేంద్రం మార్గదర్శకాలు వచ్చాయి. ఉద్దేశం ప్రతిసారీ మంచిదే. కానీ వానాకాలంలో నాటుతాం, ఏప్రిల్ నెలాఖరుకి సెలవులిస్తారు, మళ్లీ జూన్ రెండో వారం దాకా గేటుకి తాళం, మే ఎండ చూస్తే కొన్నేళ్లు 45 డిగ్రీలు కూడా దాటుతుంది. నేను చదివిన బడిలో మా క్లాసు నాటిన జామ మొక్క జూన్‌లో వెళ్లేసరికి పుల్ల అయిపోయింది, ఆ బాధ నాకింకా గుర్తుంది. అందుకే తోట బడిలోనే కాదు, పిల్లలు సెలవుల్లో కూడా ఉండే చోట, కాలనీలో ఉండాలని నా గట్టి నమ్మకం.

సామాను కొనక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు బెజవాడని ముంచాక సింగ్ నగర్ వైపు వీధుల్లో పాడైన ఫ్రిజ్‌లు, టబ్బులు, పరుపులు గుట్టలుగా పడి ఉండటం చూశాక, పనికొచ్చేది ఏదైనా పారేయాలంటే నాకు చేతులు రావు. గుంటూరు మిర్చి యార్డు వైపు నుంచి వచ్చే పాత జనపనార గోతాలు చవక, కానీ బాగా దులిపి ఉతకాలి. మొదటిసారి ఉతక్కుండా మట్టి నింపబోతే పిల్లలు తుమ్మి తుమ్మి, కళ్లు నలుపుకుని ఒకటే మంట. గోతం ఒక వానాకాలం ఆగుతుంది, ఆ తర్వాత చీకిపోయి మట్టిలో కలుస్తుంది, మంచిదే. పెయింటు బకెట్లలో మాత్రం ఆకుకూరలు వద్దు, బంతి, చామంతి వేసుకోండి. అడుగున కాల్చిన మేకుతో నాలుగు చిల్లులు, పైన కొబ్బరి పీచు, ఆ పైన మట్టి. కుండీల మధ్య ఎండుగడ్డి పరిస్తే తేమ ఆగుతుంది.

ఎరువుకి జీవామృతం. 2016 నుంచి మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం ఊళ్లకు చేరింది, దాన్ని నడిపే రైతు సాధికార సంస్థ ఆఫీసు గుంటూరులోనే ఉంది. జీవామృతానికి, ఎకరానికి 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 10 లీటర్ల గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి వేస్తారు. మేం అందులో ఇరవయ్యో వంతు, పది లీటర్ల నీళ్లతో కలుపుతాం. మొదటి రోజు ముక్కు మూసుకున్న పిల్లే ఇప్పుడు పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పుతోంది.

ఎండాకాలానికి ముందు పిల్లలు మడి మధ్యలో మెరుగు లేని మట్టికుండని మెడ దాకా పాతారు. నిండా నీళ్లు పోస్తే రెండు మూడు రోజులు నెమ్మదిగా ఊరుతుంది, మూత మాత్రం తప్పకుండా పెట్టాలి, లేకపోతే దోమలు. పోయిన మే నెలలో అమ్మమ్మగారి ఊరెళ్లని ముగ్గురు పిల్లలు వంతులేసుకుని కుండ నింపారు. ఎనిమిది వంగ మొక్కల్లో ఐదు బతికాయి.