ప్లాన్ చూసి పర్మిషన్ ఇస్తారు సరే, కట్టాక మీటరు ఎవరు చూస్తున్నారు?

విజయవాడలో బెంజి సర్కిల్ నుంచి కానూరు, పోరంకి వైపు వెళ్ళినా, గుంటూరులో గోరంట్ల వైపు వెళ్ళినా కొత్త అపార్ట్‌మెంట్లు, అద్దాల కాంప్లెక్సులే కనిపిస్తాయి. వీటిలో ఏది ఎంత కరెంటు తాగుతోంది, కట్టేటప్పుడు చెప్పినదానికి ఇప్పుడు వాడుతున్నదానికి పొంతన ఉందా అని అడిగితే జవాబు చెప్పే ఆఫీసు రెండు ఊళ్ళలోనూ లేదు. నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. ఆ నిబంధనలు కాగితం దగ్గరే ఎందుకు ఆగిపోయాయో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండ ఇక్కడివాళ్ళకి కొత్త కాదు, పాత ఇళ్ళు దాన్ని లెక్కలో పెట్టుకునే కట్టారు. మందపాటి గోడలు, ఎత్తు కప్పు, ముందు వరండా, మధ్యలో మండువా, పైన పెంకు. బ్రాడీపేటలోనూ గవర్నర్‌పేటలోనూ అలాంటివి ఇంకా అక్కడక్కడ మిగిలున్నాయి. స్థలం ధర పెరిగి, కాంక్రీటు శ్లాబు వచ్చి, అపార్ట్‌మెంటు వచ్చాక ఆ లెక్క పోయింది. పైన ఏ పొరా లేని శ్లాబు పగలంతా ఎండని మింగి రాత్రి పదింటికి కూడా గదిలోకి వేడి వదులుతూనే ఉంటుంది. టాప్ ఫ్లోర్‌లో ఉన్నవాళ్ళని అడగండి, తెల్లారుజామున తప్ప గోడ చల్లబడదంటారు. పడమటి గోడకి నీడ లేకపోతే ఆ బాధకి ఇది తోడు. ఇక షాపింగ్ కాంప్లెక్సులకి ముందంతా గ్లాసు పెట్టేసి, ఆ వేడిని ఏసీలతో బయటికి తోడటం మామూలైపోయింది. ఒకసారి అలా కట్టేస్తే నలభై, యాభై ఏళ్ళు ఆ బిల్లు కట్టాల్సింది బిల్డరు కాదు, లోపల ఉండేవాళ్ళు. నా కోపమంతా ఇక్కడే.

భవనానికి కరెంటు కొలత పెట్టాలన్న ఆలోచన 1973 చమురు సంక్షోభం తర్వాత గట్టిపడింది. కాలిఫోర్నియా 1978లో తన నిబంధనలు తెచ్చింది. మన దగ్గర ఇంధన పొదుపు చట్టం వచ్చింది 2001లో, దాన్ని అమలు చేసే బీఈఈ (బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ) 2002 మార్చిలో మొదలైంది. ముందు అది వస్తువుల మీద దృష్టి పెట్టింది. ఫ్రిజ్‌లకీ ఏసీలకీ స్టార్లు వచ్చాయి, షాపులో వాటిని చూసి కొనడం జనానికి అలవాటైంది. 2014 చివర్లో ఎల్‌ఈడీ బల్బుల పంపిణీ మన రాష్ట్రంలో మొదలైన జిల్లాల్లో గుంటూరు కూడా ఒకటి. బల్బు మార్చడం తేలిక, గోడ మార్చడం కష్టం. అందుకే గోడ కట్టకముందే పట్టుకోవాలి.

ఆ పని కోసమే 2007 మేలో ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్, అంటే ఈసీబీసీ, వచ్చింది. అయితే అది పెద్ద వాణిజ్య భవనాలకి మాత్రమే, అదీ రాష్ట్రం తన నిబంధనల్లో కలుపుకుంటేనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014 జనవరిలో జీవో ఇచ్చింది. వెయ్యి చదరపు మీటర్ల స్థలం గానీ రెండు వేల చదరపు మీటర్ల నిర్మాణం గానీ ఉన్న వాణిజ్య భవనాలు, ఇంకా మల్టీప్లెక్సులు, ఆసుపత్రులు, హోటళ్ళు, కన్వెన్షన్ సెంటర్లు దాని కిందికి వచ్చాయి. అప్పటికి చాలా రాష్ట్రాలకంటే ముందున్న నిర్ణయం ఇది, ఆ మాట ఒప్పుకోవాలి.

కానీ నాలుగు నెలలు తిరిగేసరికి రాష్ట్రం రెండైంది. ఆ ఏడాది చివర్లో అప్పటిదాకా ఈ ప్రాంతం ప్లానింగ్ చూసిన వీజీటీఎం ఉడా పోయి సీఆర్‌డీఏ, అంటే రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ, వచ్చింది. హైదరాబాద్ నుంచి ఆఫీసులు విజయవాడకి తరలి రావడం, అద్దెలు ఎగబాకడం, ఎవరి దగ్గర ఖాళీ స్థలం ఉంటే వాళ్ళు భవనం లేపడం, ఇదంతా ఆ రెండు మూడేళ్ళలోనే జరిగింది. అంటే ఈ రెండు ఊళ్ళూ అంత హడావిడిగా పెరిగిన కాలమూ, ఆ జీవో ఇంకా ఎవరి చేతికీ అలవాటు కాని కాలమూ ఒకటే. మున్సిపాలిటీకి సరిపడా స్టాఫ్ లేరు, ఆర్కిటెక్టులకి లెక్కలు కొత్త, ప్లాన్లు ఆన్‌లైన్‌లోకి మారుతున్నాయి. అప్పుడు లేచిన భవనాలన్నీ ఇవాళ మన కళ్ళముందే ఉన్నాయి.

చెకింగ్ ఎలా జరుగుతుందో కూడా చూడాలి. ఎల్‌టీపీ, అంటే లైసెన్సున్న ఆర్కిటెక్టో ఇంజనీరో, ప్లాన్ అప్‌లోడ్ చేస్తారు, సెట్‌బ్యాకులూ (చుట్టూ వదలాల్సిన ఖాళీ) ఎత్తూ పార్కింగూ సాఫ్ట్‌వేర్ చూస్తుంది, కోడ్ వర్తించే భవనమైతే దాని కాగితాలు జత చేస్తారు. ప్లాన్ ప్రకారం కట్టకపోతే పట్టుకోవడానికి పది శాతం నిర్మాణాన్ని తనఖా పెట్టించుకునే పద్ధతి ఉంది, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) ఇచ్చాక అది విడిచిపెడతారు. సెట్‌బ్యాక్‌ని టేపు పెట్టి కొలవచ్చు. పైకప్పులో ఇన్సులేషన్ నిజంగా వేశారా, డ్రాయింగులో రాసిన గ్లాసే బిగించారా అన్నది ప్లాస్టరింగ్ అయ్యాక కంటికి కనపడదు. ఓసీ చేతికొచ్చిన రోజుతో ఆ ఫైలు మూతపడుతుంది. కరెంటు వాడకం మొదలయ్యేదేమో ఆ మర్నాటి నుంచి.

ఇళ్ళ సంగతి ఇంకా ఆలస్యం. విజయవాడ, గుంటూరుల్లో లేచేవి ఎక్కువ అపార్ట్‌మెంట్లే అయినా వాటికంటూ కోడ్ వచ్చింది 2018 డిసెంబరులో, ఎకో నివాస్ సంహిత పేరుతో. గోడలు, కిటికీల గుండా వచ్చే వేడి సగటున చదరపు మీటరుకి 15 వాట్లు దాటకూడదు, పైకప్పుకి వేరే హద్దు, గాలి ఆడే కిటికీలకి వేరే లెక్క. ఏసీ లేని మనిషికి కూడా పనికొచ్చే నిబంధనలివి, అందుకే నాకు ఇష్టం. 2022 చట్ట సవరణ పెద్ద నివాస భవనాలని కూడా చట్టం పరిధిలోకి తెచ్చింది, 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇంత జరిగినా ఇదీ డిజైన్ దశలో చూసే కోడే.

డిజైన్‌కీ వాడకానికీ మధ్య తేడా ఉంటుందని బయట దేశాలు ముందే గ్రహించాయి. బ్రిటన్‌లో 1995 నుంచి 2002 వరకు, అప్పటికే జనం చేరిన భవనాలకి వెళ్ళి కొలిచి చూస్తే, కాగితం మీది అంచనాకంటే అసలు వాడకం ఎక్కువగా తేలిన సందర్భాలు చాలానే కనపడ్డాయి. న్యూయార్క్ 2009లో పెద్ద భవనాలు ఏటా తమ వాడకాన్ని చెప్పి తీరాలని చట్టం చేసింది. లండన్ 2021 ప్రణాళికలో పెద్ద కొత్త భవనాలు పూర్తయ్యాక కనీసం ఐదేళ్ళు అసలు వాడకాన్ని నగరానికి రిపోర్ట్ చేయాలని పెట్టారు. కొలవడం తప్పనిసరైతే బిల్డరు మొదటి రోజు నుంచే జాగ్రత్తగా ఉంటాడు.

మన దగ్గర కొలత లేదా అంటే, ఉంది. ప్రతి భవనానికీ సర్వీసు నంబరు ఉంది, నెలనెలా రీడింగ్ డిస్కం, అంటే కరెంటు పంపిణీ కంపెనీ, దగ్గర ఉంది. 2019 చివర్లో ఏర్పడిన మన డిస్కం సీపీడీసీఎల్ హెడ్డాఫీసు విజయవాడలోనే ఉంది. ప్లాన్ ఫైలు మున్సిపాలిటీ దగ్గర, యూనిట్లు డిస్కం దగ్గర, ఆ రెండిటినీ కలిపే తాడు లేదు. ఆఫీసు భవనాలకి బీఈఈ 2009లోనే స్టార్ రేటింగ్ పెట్టి ఏడాది యూనిట్లని విస్తీర్ణంతో భాగించే లెక్క తెచ్చింది, కానీ అది ఇష్టమైనవాళ్ళు తీసుకునేది. లెక్క కష్టమేం కాదు. 1,200 చదరపు అడుగుల ఫ్లాటు అంటే సుమారు 111 చదరపు మీటర్లు, నెలకి సగటున 300 యూనిట్లు అయితే ఏడాదికి 3,600, అంటే చదరపు మీటరుకి 32 యూనిట్లు. మీ బిల్లులతో చేసి చూడండి, పక్క బ్లాకులో అదే సైజు ఫ్లాటుతో పోల్చండి, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలలవి.

ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఎన్ని ఏసీలు, ఫ్లాటు ఖాళీగా ఉందా, జనరేటరూ సోలారూ ఉన్నాయా అన్నదాన్ని బట్టి అంకె మారుతుందనే అభ్యంతరం న్యాయమైనదే. అందుకే ఒక్కో ఇంటి బిల్లు బయటపెట్టమని ఎవరూ అడగట్లేదు, అలా పెట్టకూడదు కూడా. బ్లాకు మొత్తం కలిపి, కామన్ మీటరు విడిగా, ఏడాదికోసారి చాలు. మొదట ఈసీబీసీ వర్తించే ఆసుపత్రులు, హోటళ్ళు, మాల్స్‌తో మొదలుపెట్టొచ్చు, వాటికి మీటర్లూ మెయింటెనెన్స్ మనుషులూ ఎలాగూ ఉంటారు. ఓసీ ఇచ్చేటప్పుడు సర్వీసు నంబరు ఫైల్లో రాయించుకుని, ఐదేళ్ళపాటు డిస్కం నుంచి యూనిట్లు నేరుగా మున్సిపాలిటీకి వచ్చేలా ఒక్క ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. తనఖాలో కొంత భాగాన్ని మొదటి ఏడాది రీడింగ్ వచ్చేదాకా విడవకుండా ఉంచితే ఇంకా మంచిది.