చీటీలో రెండో మాత్ర

మానసిక జబ్బుకు నరాల డాక్టరు రాసిన మాత్రలు మానిపించాలా, వద్దా? అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం వైపు ఇళ్లలో ఈ గొడవ పాతదే. ఇప్పుడు మళ్లీ రాజుకుంది. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్‌ అనే మందుతో మొదలైన మానసిక జబ్బు మందుల కథ అందరూ చెప్పేదే, దాన్ని వదిలేద్దాం. అసలు చిక్కు ఆ మందుల పక్కన చేరిన రెండో మాత్రతో వచ్చింది. దాని పేరు ట్రైహెక్సిఫెనిడిల్.

హాలోపెరిడాల్ లాంటి మానసిక జబ్బు మందు మొదలెట్టిన రెండు మూడు రోజులకే కొందరు కుర్రాళ్లకు మెడ ఓ పక్కకు లాగేస్తుంది, దవడ పట్టేస్తుంది, కనుగుడ్లు పైకి తిరుగుతాయి. గాలి సోకిందని ఇంట్లోవాళ్లు తాయెత్తు కోసం పరిగెడతారు. ఫెనర్గన్ ఇంజెక్షన్ పడితే కాసేపట్లో సర్దుకుంటుంది. తర్వాత వచ్చే వణుకు, బిగుతు రెండో మాత్రతో తగ్గుతాయి. తగ్గుతున్నాయి కదా అని అవసరం ఉన్నా లేకపోయినా మొదటి రోజే రాసే అలవాటు పాతుకుపోయింది. ముందుజాగ్రత్త పేరుతో అందరికీ ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే చెప్పింది.

ఎందుకంటే ఏళ్ల తర్వాత వచ్చేది వేరే రకం. నాలుక మెలికలు తిరుగుతుంది, నోట్లో కిళ్లీ ఉన్నట్టు దవడ ఆడుతూనే ఉంటుంది. దీనికి టార్డివ్ డిస్కైనీసియా అని 1964లో పేరు పెట్టారు. హాలోపెరిడాల్ లాంటి పాత మందులు వాడేవాళ్లలో ఏడాదికి నూటికి అయిదుగురికి కొత్తగా మొదలవుతుందని అంచనా, ముసలివాళ్లలో ఇంకా ఎక్కువ. రెండో మాత్ర దీన్ని తగ్గించదు సరికదా, పెంచగలదు.

ఇంటివాళ్ల కోపం ఇక్కడే. నోరు ఆడుతుంటే జబ్బు ముదిరిందనుకున్నారు. కుదురుగా కూర్చోలేక అరుగు మీంచి లేచి తిరుగుతుంటే పిచ్చి ఎక్కువైందనుకున్నారు. అదీ మందు వల్ల రావచ్చని తెలియక డోసు పెంచమని వాళ్లే అడిగారు. పెళ్లి పంక్తిలో పక్కవాళ్లు గుసగుసలాడితే మనిషిని ఇంట్లోనే ఉంచేశారు. మందు వల్ల ఇలా కావచ్చని మొదట్లోనే ఒక్క మాట చెప్పి ఉంటే?

డాక్టర్ల వాదనా తీసేసేది కాదు: ఉన్నట్టుండి మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, ఆ కదలికలు కూడా మొదట పెరగొచ్చు. డోసు మార్చడం, క్లోజపైన్ లాంటి మందుకు మారడం, ఆ కదలికలు తగ్గించే టెట్రాబెనజైన్ వాడటం వాళ్ల చేతిలో పని.

చెప్పడం గురించి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది: తెలిసిన దుష్ప్రభావాలను రోగికి అర్థమయ్యే భాషలో తెలపాలి. అది అమల్లోకి వచ్చింది 2018 మే 29న. ఈ ఇళ్లలో చాలామంది చీటీలు అంతకన్నా పాతవి.