సీసాలో కొన్న నీళ్లు

మలక్‌పేట, హైదరాబాదు

చిరంజీవులు అనన్యకు, కార్తీక్‌కు తాతయ్య దీవించి రాయునది.

దసరాకు ఇల్లు దులిపి కడిగే సందడిలో మీ అమ్మ ఇల్లు శుభ్రం చేసే చిక్కటి మందున్న ఒక చిన్న ప్యాకెట్టు కత్తిరించి పాత సీసాలో పోసిందనీ, మిగతాదంతా కుళాయి నీళ్లతో నింపిందనీ, "నీళ్లు పోస్తే మందు పలచబడిపోదా? అమ్మ ఇంటినే మోసం చేస్తోందా?" అని కార్తీక్ నిలదీశాడనీ అనన్య ఫోనులో చెప్పింది. అడగవలసిన ప్రశ్నే. ఫోనులో చెబితే సగం చెవిన పడదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

మీ నాన్న వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో మీ నాయనమ్మ పులిహోర చేసి పంపేది కాదు, పులిహోర పులుసు చేసి పంపేది. చింతపండు గుజ్జు తీసి, నూనెలో పసుపూ ఎండుమిరపకాయలూ ఇంగువా వేసి, నూనె పైకి తేలేదాకా ఉడికించి, చల్లారాక ఒక సీసాలో పెట్టి మూత బిగించేది. అన్నం అక్కడ ఎలాగూ వండుతారు. రెండు చెంచాల పులుసు కలిపితే కంచం నిండా పులిహోర తయారు. అన్నంతో సహా కలిపి గంపకెత్తి బస్సెక్కించి ఉంటే బరువూ ఎక్కువే, వరంగల్ చేరేసరికి పాసిపోయే భయమూ ఎక్కువే.

మీ అమ్మ కొన్న ప్యాకెట్టులో ఉన్నది ఆ పులుసే. అంగట్లో దొరికే సిద్ధమైన సీసా, అన్నంతో సహా మోసుకొచ్చిన పులిహోర. అద్దాలు తుడిచే స్ప్రే సీసాలో 90 శాతానికి పైగా ఉండేది నీళ్లే. జిడ్డును పట్టి విడదీసే పదార్థమూ, వాసనా, రంగూ కలిపినా మిగిలిన ఆ కాస్త చోటులోనే ఇమిడిపోతాయి. లీటరు నీళ్ల బరువు కిలో. ఆ బరువును ఎక్కడో ఫ్యాక్టరీలో నింపి, లారీకెక్కించి, డీజిలు కాల్చి మన వీధి దుకాణం దాకా తెస్తున్నారు. మన నగరానికి కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి 100 కిలోమీటర్లకు పైగా ఎత్తిపోతల మీద వస్తున్నాయి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి ఇంకా ఎక్కువ దూరం వస్తున్నాయి. అంత శ్రమపడి వచ్చిన నీళ్లు కుళాయిలో ఉండగా, మరో ఊరి నీళ్లను సీసాలో కొనుక్కోవడం నాకైతే వింతగానే తోస్తుంది.

ఒక చిన్న లెక్క చూడండి. 50 మిల్లీలీటర్ల ప్యాకెట్టు అర లీటరు సీసాకు సరిపోతుందనుకుందాం. పది సీసాల సరుకు కొంటే 5 కిలోలు మోయాలి, పది ప్యాకెట్లయితే అర కిలో. పైగా పది సీసాలకు బదులు ఒక్క సీసాయే పదిసార్లు పనిచేస్తుంది.

నా చిన్నతనంలో సీసా పారేయడమనే ఆలోచనే ఎవరికీ ఉండేది కాదు. నూనెకూ కిరోసిన్‌కూ వేరువేరు సీసాలు ఉండేవి, వాటి మెడకు సుతిలి తాడు ఉచ్చులా కట్టి ఉండేది. ఆ తాడును వేలికి తగిలించుకుని కిరాణా కొట్టుకు పోయేవాణ్ని. కొట్టు ఆయన సీసా మూతిలో గరాటు పెట్టి, కొలపాత్రతో కొలిచి పోసి, గరాటు చివర ఆఖరి చుక్క రాలేదాకా కదలనిచ్చేవాడు కాదు. వెనక ఎంతమంది నిలబడినా సరే! ఆ చుక్కకు మేము డబ్బిచ్చాం మరి. ఇంట్లో గిన్నెలకు బూడిద, ఇత్తడికి చింతపండు, తలకు కుంకుడుకాయ. పారేయడానికి మిగిలేవి కుంకుడు గింజలే, అవి కూడా మా ఆటల్లోకి వచ్చేవి. ఆ కాలమే మేలని నేననను, కిరోసిన్ కంపు ఎవరికి కావాలి? సీసా పట్ల ఉన్న ఆ మర్యాద మాత్రం మీకూ పనికొస్తుంది.

ఈసారి స్ప్రే సీసా మీద ఉన్న పంపు తలను పరిశీలనగా చూడండి. నొక్కే మీట ఒక రకం ప్లాస్టిక్కు, గొట్టం మరో రకం, చాలావాటి లోపల స్టీలు స్ప్రింగు కూడా ఉంటుంది. పాత సామాన్లు కొనే ఆయన సీసాను తూకానికి తీసుకుంటాడు కానీ ఈ తలను విడదీసే ఓపిక ఎవరికీ ఉండదు, చివరికది జవహర్‌నగర్ చెత్తగుట్టకే చేరుతుంది. నిజానికి సీసా కన్నా ఎక్కువ కాలం వాడుకోవలసింది ఈ తలనే.

ప్యాకెట్టు కూడా పూర్తిగా నిర్దోషి కాదు. పొరలు పొరలుగా అతికించిన ఆ సంచిని పాత సామాన్ల ఆయన ముట్టుకోడు. ఒక గట్టి సీసాకు పట్టే ప్లాస్టిక్కుతో పోలిస్తే అందులో ఉండేది చాలా తక్కువ, అంతవరకే దాని గొప్ప. కాగితంలో చుట్టిన బిళ్లలుగా దొరికితే అంతకన్నా మంచిది. వాడకం ఎక్కువగా ఉన్న ఇంటికి 5 లీటర్ల డబ్బా మేలు, ఖాళీ డబ్బాకు తూకంలో విలువ ఉంటుంది.

ఇక కలిపే పద్ధతి. పులుసు ఎక్కువైతే పులిహోర నోట పెట్టలేం, ఇక్కడా అంతే. ఇంకా బాగా శుభ్రపడుతుందని రెండింతలు పోస్తే నేల బంకగా మారి, అడుగుల ముద్రలు పడి, దుమ్ము ఇంకా తొందరగా అంటుకుంటుంది. కొత్త బియ్యంతో వండితే పులిహోర ముద్దకట్టినట్టే, బోరు నీళ్లలోని సున్నపు లవణాల వల్ల అద్దాల మీద తెల్లని మచ్చలు మిగులుతాయి కనుక కుళాయి నీళ్లే వాడండి. ముందు నీళ్లు పోసి తర్వాత మందు పోయండి, నురగ తక్కువగా వస్తుంది. పులుసు నెలల తరబడి నిలవ ఉంటుంది, కలిపిన పులిహోర మర్నాటికి పాడవుతుంది. నీళ్లలో కలిపిన బ్లీచింగ్ కూడా త్వరగా సత్తువ కోల్పోతుంది, కనుక ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి.

ఒక్క చోట మాత్రం నా పులిహోర సాయం రాదు. వంటలో రుచి చూసి సరిదిద్దుకుంటాం, ఇక్కడ చూడకూడదు! చిక్కటి మందు చర్మానికీ కళ్లకూ ప్రమాదం కాబట్టి అది పెద్దల చేతి పని. సైకిల్ మీద ఫినాయిల్, యాసిడ్ అమ్మేవాళ్లు వాటిని వాడిన కూల్‌డ్రింక్ సీసాల్లో ఇవ్వడం మీరు చూసే ఉంటారు. దాహంతో వచ్చిన పిల్లవాడికి ఆ సీసా ఎలా కనిపిస్తుందో ఆలోచించండి. అందుకే ఏ సీసాలో ఏ మందు ఉందో పేరు రాసి అంటించాలి, ఒక మందు సీసాలో ఇంకో మందు పోయకూడదు. ముఖ్యంగా మరుగుదొడ్లకు వాడే యాసిడ్డూ బ్లీచింగూ కలిస్తే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరి ఆడకుండా చేస్తుంది. ఈ రెండు సీసాలనూ పక్కపక్కన కూడా పెట్టనివ్వకండి.

కార్తీక్ అనుమానం ఇంకా తీరకపోతే ఈ పని చేయండి. నీళ్లలో కలుపుకునే చిక్కటి తెల్ల ఫినాయిల్ కొట్లో దొరుకుతుంది. పారేయబోయే ఒక గాజు జాడీలో నీళ్లు పోసి, వెలుతురుకు ఎదురుగా కిటికీలో పెట్టి, నాన్న చేత నాలుగే నాలుగు చుక్కలు వేయించండి. లేత గోధుమరంగు మందూ తేటగానే ఉంటుంది, నీళ్లూ తేటగానే ఉంటాయి. రెండూ కలిసిన క్షణాన తెలుపు పొగలు పొగలుగా విచ్చుకుంటుంది. అందులోని నూనె కంటికి ఆనని బిందువులుగా చీలి, ప్రతి బిందువూ వెలుతురును ఒక్కో పక్కకు తోసేయడం వల్ల ఆ తెలుపు వస్తుంది. మిగతా లెక్క మీ సైన్సు టీచరు చెబుతారు, ముందు మీరు కళ్లారా చూడండి. చూశాక ఆ నీళ్లతోనే బాల్కనీ కడిగేయండి, ఆ జాడీని మాత్రం మళ్లీ వంటింట్లోకి రానివ్వకండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య