థైరాక్సిన్ ఎల్‌డీఎల్‌కు కాపలా కాస్తుందా: ఒక వాదన పూర్వాపరాలు

చెన్నైలో పెరంబూరులోనో, మాంబళంలోనో ఉండే తెలుగువారి ఇంటికి మాస్టర్ చెకప్ రిపోర్టు రాగానే అందరూ ముందు చూసేది కొలెస్ట్రాల్ అంకెనే. అది ఎక్కువగా ఉంటే నింద నేతి మీదా, వేపుళ్ల మీదా పడుతుంది గాని, మరో పేజీలో థైరాయిడ్ పనితీరును చెప్పే టీఎస్‌హెచ్ అంకె మీదికి చూపు పోదు. చెన్నైతో సహా 8 నగరాల్లో జరిపి 2013లో ప్రచురించిన సర్వేలో పెద్దవారిలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ మందగించినట్లు తేలింది. థైరాయిడ్ గ్రంథి హార్మోనైన థైరాక్సిన్, ‘చెడు కొలెస్ట్రాల్’ అనే ఎల్‌డీఎల్ రేణువులను ఆక్సీకరణ చెందకుండా కాపాడే యాంటీఆక్సిడెంట్ అన్న వాదన ఒకటి ఉంది; అది ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

కొలెస్ట్రాల్, టీఎస్‌హెచ్ అంకెల చుట్టరికం పాతదే. 1914లో అమెరికా శాస్త్రవేత్త కెండాల్ థైరాక్సిన్‌ను వేరుచేశాడు; థైరాయిడ్ తగ్గినవారి రక్తంలో కొలెస్ట్రాల్ పెరుగుతుందని 1930లో అమెరికా వైద్యులు లెక్కలతో చూపారు. కారణం మాత్రం 1970లలో శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టీన్ ఎల్‌డీఎల్‌ను రక్తం నుంచి కణంలోకి లాగే గ్రాహకాన్ని కనుగొన్న తర్వాతే స్పష్టపడింది: ఈ హార్మోను తగ్గితే కాలేయ కణాల మీద ఆ గ్రాహకాలు తగ్గి, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతుంటుంది.

అయితే హార్మోనునే మందుగా ఇస్తే సరిపోదా అన్న ఆశ చేదుగా ముగిసింది. గుండెపోటు వచ్చిన పురుషులపై అమెరికాలో జరిగిన కరోనరీ డ్రగ్ ప్రాజెక్టులో, థైరాక్సిన్‌కు అద్దంలో ప్రతిబింబం వంటి డెక్స్‌ట్రోథైరాక్సిన్ తీసుకున్నవారిలో మరణాలు ఎక్కువగా కనబడటంతో ఆ మందును ఆపివేసి, ఆ సంగతిని 1972లో ప్రకటించారు.

ఆక్సీకరణ ప్రస్తావన ఆ తరువాతిది. ఎల్‌డీఎల్ ఆక్సీకరణ చెందినప్పుడే ధమని గోడలోని మాక్రోఫేజ్ అనే భక్షక కణాలు దాన్ని ఆబగా మింగి, కొవ్వు నిండి ధమని పూడికకు దారితీసే నురుగు కణాలుగా మారతాయన్న పరిశోధకుడు స్టైన్‌బర్గ్ ప్రభృతుల వాదన 1980లలో బలపడగా, థైరాక్సిన్ అణువులో ఉన్న ఫినాల్ వలయం విటమిన్ ఈ లాగానే తన హైడ్రోజన్‌ను ఇచ్చి ఆ ఆక్సీకరణ గొలుసు చర్యను తుంచగలదా అని 1990లలో పరీక్షించారు. రాగి అయాన్లు కలిపిన పరీక్షనాళికలో నిజంగానే తుంచింది. రక్తంలో థైరాక్సిన్ కొంతమేర లిపోప్రోటీన్లకు, ముఖ్యంగా ‘మంచి కొలెస్ట్రాల్’ అనే హెచ్‌డీఎల్‌కు, అంటుకుని ప్రయాణిస్తుంది గనుక ఊహకు ఊతమూ దొరికింది. కాని నాళికలో వాడిన మోతాదులు రక్తంలో స్వేచ్ఛగా ఉండే హార్మోనుకు ఎన్నో రెట్లు. ఈ తేడా చెప్పకుండా థైరాక్సిన్‌ను యాంటీఆక్సిడెంట్ అని పొగడటం నాకు సబబనిపించదు.

పైగా 1997లో వచ్చిన ఒక పరిశోధన, థైరాయిడ్ తగ్గినవారిలోనే కాక ఎక్కువైనవారిలోనూ ఎల్‌డీఎల్ ఆక్సీకరణ పెరుగుతుందని చూపింది. హార్మోను మితిమీరితే మైటోకాండ్రియాలో ఆక్సిజన్ ఖర్చు పెరిగి ఆక్సీకరణకు దారితీసే ఫ్రీ రాడికల్స్ కూడా పెరుగుతాయి కాబట్టి అది వింతేమీ కాదు.

పరిశోధన చివరికి కాలేయం దారినే పట్టింది. కాలేయంలో ప్రధానమైన బీటా రకం థైరాయిడ్ హార్మోను గ్రాహకాన్ని ఎంచుకుని పనిచేస్తూ, గుండెలో ఎక్కువగా ఉండే ఆల్ఫా రకాన్ని చాలావరకు వదిలేసే రెస్మెటిరోమ్ అనే మందుకు 2024 మార్చిలో అమెరికా అనుమతి దక్కింది. అదీ కొవ్వు కాలేయం ముదిరి మచ్చకట్టిన రోగులకు. ఎల్‌డీఎల్ తగ్గటం దానితోపాటు వచ్చే ఫలం.