ఇంజిన్ ధర పెరిగింది, వరస పలచబడింది: మిడ్జెట్ కార్ రేసింగ్ నేపథ్యం

ఏటా జనవరిలో అమెరికాలోని టల్సా నగరంలో ఒక ఎగ్జిబిషన్ హాలు లోపల బంకమట్టి పోసి, చదును చేసి, పావు మైలు ట్రాక్ తయారు చేస్తారు. చిలీ బౌల్ అనే ఆ వారం రోజుల పోటీకి 300కు పైగా మిడ్జెట్ కార్లు, అంటే చిన్న రేసు కార్లు, వస్తాయి. వేసవిలో జాతీయ చాంపియన్‌షిప్ రేసు పెడితే మాత్రం పాతిక కార్లు పోగయ్యాయంటే మంచి రాత్రి కిందే లెక్క. ఫైనల్లో ఉండేవే ఇరవై రెండు, ఇరవై నాలుగు స్థానాలు. వచ్చినవాళ్లలో దాదాపు అందరూ ఫైనల్‌కు చేరిపోతుంటే ఫైనల్లోకి ఎవరు వెళ్లాలో తేల్చే హీట్ రేసుల్లో పస ఉండదు. కార్లు ఉన్నాయి, నడిపేవాళ్లూ ఉన్నారు. మరి ఏడాది పొడవునా ఎందుకు రావడం లేదు? ఈ ఆట 90 ఏళ్ల చరిత్రను తిరగేస్తే ప్రతి మలుపులోనూ ఇంజినే కనిపిస్తుంది.

ముందు బండి సంగతి. ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 66 నుంచి 76 అంగుళాలు. బరువు కాస్త అటూ ఇటూగా 450 కిలోలు, అంటే మన పాత మారుతి 800 కన్నా రెండు వందల కిలోలు తక్కువ. ఆ మారుతి ఇంజిన్ శక్తి 37 హార్స్‌పవర్. మిడ్జెట్‌లోని నాలుగు సిలిండర్ల ఇంజిన్ మిథనాల్ తాగి 350 నుంచి 400 దాకా ఇస్తుంది. స్టార్టర్ లేదు, క్లచ్ లేదు, మార్చుకోవడానికి గేర్లూ లేవు. గేరు పడి ఉంటుంది, లేదా తీసి ఉంటుంది, అంతే. వెనక నుంచి ట్రక్కు నెడుతుంది. ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచాక డ్రైవర్ ఇగ్నిషన్ స్విచ్ వేస్తాడు.

వెనక ఇరుసు ఒకే కడ్డీ, రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి. ట్రాక్ అంతా ఎడమ మలుపులే కాబట్టి కుడి చక్రం ఎక్కువ దూరం పోవాలి. అందుకే కుడి టైరు చుట్టుకొలత ఎడమదాని కన్నా కొన్ని అంగుళాలు ఎక్కువ ఉండేలా చూస్తారు. దీన్ని స్టాగర్ అంటారు. రేసుకు ముందు మెకానిక్ టైరు నడుమ చుట్టూ టేపు తిప్పి కొలిచి, గాలి కాస్త ఎక్కించో దించో సరిచేస్తాడు. స్టాగర్ తక్కువైతే కారు మలుపు తిరగనని మొండికేసి బయటి గోడవైపు జారుతుంది. ఎక్కువైతే తిన్నని దారిలోనూ ఎడమకే లాగుతుంది. ఈ పనికి డబ్బు అక్కర్లేదు, టేపూ అనుభవమూ చాలు. తెలివైన చిన్న టీము పెద్ద టీముకు పోటీ ఇవ్వగలిగింది ఇలాంటి చోటే.

క్రమం తప్పకుండా వారం వారం మిడ్జెట్ రేసులు మొదలైంది 1933 ఆగస్టు 10న, లాస్ ఏంజెలస్‌లోని లయోలా హైస్కూల్ స్టేడియంలో. మోటార్‌సైకిల్ ఇంజిన్లు, పడవల వెనక తగిలించే మోటార్లు, ఏది దొరికితే అది బిగించుకుని వచ్చారు. ఆర్థిక మాంద్యం కాలం అది. చేతిలో పనితనం ఉన్న మెకానిక్ సొంతంగా కట్టుకోగల రేసు కారు ఇదొక్కటే. 1934లో అదే ఊళ్లో మిడ్జెట్ల కోసమే గిల్మోర్ స్టేడియం కట్టారు.

మొదటి చీలిక కూడా ఆ రోజుల్లోనే పడింది. ఫ్రెడ్ ఆఫెన్‌హౌజర్ 1930ల నడుమ మిడ్జెట్ల కోసం 97 ఘనపు అంగుళాల ఇంజిన్ తెచ్చాడు. అందరూ ఆఫీ అని పిలిచే ఆ డబుల్ ఓవర్‌హెడ్ క్యామ్ ఇంజిన్ వీధి కార్లకు చేసింది కాదు, రేసు కోసమే పుట్టింది. దాని ముందు మామూలు ఇంజిన్లు నిలవలేదు, కానీ దాన్ని కొనే స్తోమత అందరికీ లేదు. 1937లో వచ్చిన ఫోర్డ్ వీ8-60 పేదవాడి జవాబు. 136 ఘనపు అంగుళాలున్నా ఆఫీ కన్నా వెనకే, అయితే పాత కార్ల నుంచి చవగ్గా దొరికేది. యుద్ధం ముగిశాక కాలిఫోర్నియాలోని యునైటెడ్ రేసింగ్ అసోసియేషన్ ఒక తెలివైన పని చేసింది: ఆఫీలకు రెడ్ సర్క్యూట్, మిగతా ఇంజిన్లకు బ్లూ సర్క్యూట్ అని రెండుగా విడగొట్టింది. డబ్బున్నవాడు డబ్బున్నవాడితో, లేనివాడు లేనివాడితో పోటీపడ్డారు. రెండు వరసలూ నిండాయి. ఈ ఆట చరిత్రలో ఇంతకన్నా మంచి నిర్ణయం మరొకటి లేదని మా అభిప్రాయం.

ఆ కొద్ది ఏళ్లూ స్వర్ణయుగమే. ఫ్రాంక్ కర్టిస్ కార్ఖానా నుంచి తయారైన కార్లు సుమారు 550, కిట్లు మరో 600 దాకా బయటికొచ్చాయి. రోజ్ బౌల్, షికాగో సోల్జర్ ఫీల్డ్ లాంటి ఫుట్‌బాల్ మైదానాల్లోనూ మిడ్జెట్లు పరిగెత్తాయి. అయితే వారంలో ప్రతి రాత్రీ ఏదో ఒక చోట రేసు ఉంటే జనం ఎన్నిసార్లు టికెట్ కొంటారు? దానికి తోడు ఇంట్లోకి టెలివిజన్ వచ్చింది, పక్కనే మామూలు కార్లను పోలిన స్టాక్ కార్ల రేసులు మొదలయ్యాయి. 1950లో గిల్మోర్ మూతపడింది. ఆ స్థలంలో సీబీఎస్ టెలివిజన్ స్టూడియోలు లేచాయి.

1955లో డ్రైవర్ బిల్ వుకోవిచ్ ఇండియానాపొలిస్ 500 రేసులో చనిపోయాడు. కొద్ది రోజులకే ఫ్రాన్సులోని ల మాన్ రేసులో కారు ప్రేక్షకుల మీదికి దూసుకెళ్లిన ఘోరం జరిగింది. దాంతో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ రేసుల నిర్వహణ నుంచి తప్పుకుంది. 1956 నుంచి జాతీయ మిడ్జెట్ చాంపియన్‌షిప్ బాధ్యత కొత్తగా పుట్టిన యూసాక్ (యునైటెడ్ స్టేట్స్ ఆటో క్లబ్) తీసుకుంది. కారు సత్తా మాత్రం తగ్గలేదు. 1959లో రోజర్ వార్డ్ లైమ్ రాక్ రోడ్డు ట్రాక్‌పై ఆఫీ మిడ్జెట్‌తో విదేశీ స్పోర్ట్స్ కార్లను ఓడించాడు.

రెండో ఊపిరి కూడా చవక ఇంజిన్లే పోశాయి. 1962లో వచ్చిన షెవీ టూ కారులోని నాలుగు సిలిండర్ల ఇంజిన్, ఆ తర్వాత ఫోక్స్‌వ్యాగన్ గాలితో చల్లబడే ఇంజిన్ మిడ్జెట్లలోకి దిగాయి. పాత సామాన్ల కొట్టులో దొరికే ఇంజిన్ దిమ్మెతో మొదలుపెట్టి గ్యారేజీలోనే గెలిచే ఇంజిన్ కట్టొచ్చని అవి నిరూపించాయి. ఆఫీ ఏలుబడి ముగిసింది.

ఆ రోజుల మనిషి మెల్ కెన్యన్. 1965లో లాంగ్‌హార్న్‌లో మంటల్లో చిక్కుకుని ఎడమ చేతి వేళ్లు పోగొట్టుకున్నాడు. ఇంట్లోవాళ్లు ఆయనకో ప్రత్యేకమైన గ్లౌజు తయారు చేశారు. దాని అరచేతిలోని రబ్బరు గుంత స్టీరింగ్‌కు బిగించిన మేకుకు అతుక్కునేది. ఆ చేత్తోనే మళ్లీ రేసుల్లోకి దిగాడు. 1964 నుంచి 1985 మధ్య ఏడుసార్లు జాతీయ చాంపియన్ అయ్యాడు. ఇరవై ఏళ్లు ఒకే మనిషి ఒకే ఆటలో ఉంటే ఊరూరా ప్రేక్షకులకు అతను ఇంటి మనిషి అవుతాడు. ఇప్పుడు లేనిది అదే.

ఈ మార్పు మెల్లగా వచ్చింది. 1960లలో ఇండియానాపొలిస్ కార్ల ఇంజిన్ వెనక్కి వెళ్లడంతో మిడ్జెట్ నుంచి నేరుగా అక్కడికి వెళ్లే దారి సన్నబడింది. ఈఎస్‌పీఎన్ గురువారం రాత్రి ప్రసారాల్లో మిడ్జెట్లు మళ్లీ దేశానికి కనబడ్డాయి. 1990లో జెఫ్ గోర్డన్, 1994, 1995లో టోనీ స్టువర్ట్ చాంపియన్లయ్యారు. వాళ్లు స్టాక్ కార్ల పెద్ద పోటీ అయిన నాస్కార్‌లో పెద్ద తారలు కావడంతో అందరి లెక్కా మారిపోయింది. మిడ్జెట్ ఇక నాస్కార్‌కు మెట్టు. 2006లో టయోటా తన ఇంజిన్‌తో దిగాక ఆ మెట్టుకు కంపెనీ అండ కూడా దొరికింది. కైల్ లార్సన్, క్రిస్టఫర్ బెల్ అలా ఎదిగినవాళ్లే. 2013 నుంచి 2022 వరకు పది సీజన్లలో ఏడుసార్లు యూసాక్ డ్రైవర్ టైటిల్ కీత్ కుంజ్ టీము కార్లు నడిపినవాళ్లకే దక్కింది. ఆ టీము పనితనాన్ని తక్కువ చేయలేం. కానీ ఒకే గుడారం నుంచి అరడజను మంచి కార్లు దిగుతుంటే, వారాంతం సెలవులో ఒక్క కారుతో వచ్చే ఇంటి టీము ఏం చేయాలి?

అలాంటి టీము యజమాని ఖర్చు చూడండి. పైవరసలో నిలవాలంటే రేసు కోసమే పోతపోసిన ఇంజిన్ కావాలి. కొత్తదానికి పదుల వేల డాలర్లు, ఇంచుమించు మిడ్జెట్‌కు పెద్దన్న లాంటి స్ప్రింట్ కార్ ఇంజిన్ ధర. స్ప్రింట్ కార్లకు రేసులూ ఎక్కువ, బహుమతి డబ్బూ ఎక్కువ. చిలీ బౌల్ విజేతకు చాలా ఏళ్ల పాటు దక్కింది 10,000 డాలర్లే. ఆ పైన నిర్వహణ. ఇంత చిన్న ఇంజిన్ ఎక్కువ వేగంతో తిరుగుతుంటే ముందు అలిసేవి వాల్వ్ స్ప్రింగులు. ఒక్కటి విరిగి వాల్వ్ పిస్టన్ మీద పడితే ఆ రాత్రితో ఇంజిన్ పని అయిపోయినట్టే. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రేసయ్యాక ఇంధన గొట్టాలూ పంపూ శుభ్రం చేయకుండా వదిలేస్తే లోపల తుప్పూ తెల్లటి పొక్కూ కడతాయి. కొంత మిథనాల్ ఆయిల్లోకీ దిగి అది పాలలా మారుతుంది కాబట్టి ఆయిల్ తరచూ మార్చాల్సిందే.

ఇప్పుడు టల్సా చిక్కుముడి విడుతుంది. చిన్న హాలు ట్రాక్‌పై, నున్నగా ఆరిన మట్టి మీద 400 హార్స్‌పవర్ మొత్తం నేలకు దిగదు. పాత ఇంజిన్‌కూ అక్కడ అవకాశం ఉంటుంది. అందుకే షెడ్లలోని కార్లన్నీ ఆ వారం బయటికొస్తాయి. అర మైలు ట్రాక్‌పై అవే ఇంజిన్లు తిన్నని దారిలోనే వెనకబడిపోతాయి.

పిల్లలు వేరే దారి చూసుకున్నారు. మోటార్‌సైకిల్ 600 సీసీ ఇంజిన్‌ను గొలుసుతో నడిపే మైక్రో స్ప్రింట్లు మిడ్జెట్ ఖర్చులో చిన్న వంతుకే వస్తాయి. చిలీ బౌల్‌కు ముందు అదే హాలులో జరిగే టల్సా షూటౌట్‌కు వెయ్యికి పైగా ఎంట్రీలు వస్తున్నాయి. ట్రాకులూ తరుగుతున్నాయి. కాలిఫోర్నియాలో 1990లో ఆస్కాట్ పార్క్ పోయింది, 2024 డిసెంబరులో ఇర్విన్‌డేల్ మూతపడింది. 1934 నుంచీ ఈ కార్లు పరిగెడుతున్న ఆస్ట్రేలియాలో వాటిని స్పీడ్‌కార్లంటారు. అక్కడా పెద్ద డబ్బు స్ప్రింట్ కార్లదే.

చవక ఇంజిన్ తరగతి పెట్టే ప్రయత్నం జరగలేదని కాదు. 2000ల తొలి ఏళ్లలో యూసాక్ సీలు వేసిన ఫోర్డ్ ఫోకస్ ఇంజిన్లతో మిడ్జెట్లు నడిపింది. సీలు ఉంటే లోపల ఎవరూ చేయి పెట్టలేరు, ఖర్చు అక్కడే ఆగుతుంది. కానీ దాన్ని కొత్తవాళ్ల బడిగానే చూశారు తప్ప అసలు పోటీగా చూడలేదు. పైగా ఒకే కంపెనీ ఒకే ఇంజిన్ మీద తరగతి కడితే ఆ ఇంజిన్ తయారీ ఆగిన రోజు విడిభాగాల వేట మొదలవుతుంది. మళ్లీ ప్రయత్నిస్తే బ్లూ సర్క్యూట్ పద్ధతే నయం: వీధి కారు దిమ్మెతో కట్టినవి, రెండు మూడు కంపెనీలవి, ఒకే రాత్రి, ఒకే ట్రాక్, విడి బహుమతి. రాసిన ఇంజిన్ నిబంధనను కనీసం ఐదేళ్లు కదపకూడదు. రెండేళ్లకే మారిస్తే ముందుగా నష్టపోయేది ఉన్న డబ్బంతా పెట్టి ఒకే ఒక్క ఇంజిన్ కొనుక్కున్న ఇంటి టీమే.