ఒక యూనిట్ మూసేస్తే పన్ను లెక్క ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

ఒకే ఫర్మ్ కింద రైస్ మిల్లు, నూనె మిల్లు ఉన్నాయనుకుందాం. నష్టాలు భరించలేక నూనె మిల్లు మూసేశారు. ఇలాంటి ఫైళ్లు మా దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు మెషీన్లు అమ్మేసి, ఆ డబ్బు అప్పులకు కట్టేసి ఉంటారు. దయచేసి అంతకుముందే రండి.

అపోహ: పాత మెషీన్లను నష్టానికి అమ్మాం కాబట్టి ఆ నష్టాన్ని లాభంలోంచి తీసేయొచ్చు.

వాస్తవం: కుదరదు. తరుగుదలను, అంటే వాడకంతో ఏటా తగ్గే విలువ కింద చూపే ఖర్చును, ఒక్కో మెషీన్‌కు విడిగా లెక్కించరు. ఒకే రకం, ఒకే రేటు ఉన్న ఆస్తులన్నీ కలిపి ఒక బ్లాక్. రెండు మిల్లుల మెషినరీ 15 శాతం బ్లాక్‌లో ఉంది, ఏడాది మొదట్లో దాని విలువ 40 లక్షలు అనుకోండి. నూనె మిల్లు మెషీన్లు 12 లక్షలకు పోతే మిగిలిన 28 లక్షల మీద ఆ ఏడాది తరుగుదల 4.20 లక్షలు. పుస్తకాల్లో కనిపించే నష్టం ఇలా ఏటా కొంచెం కొంచెంగా మాత్రమే కలిసొస్తుంది. అదే 45 లక్షలకు అమ్మితే 5 లక్షలు స్వల్పకాలిక మూలధన లాభం, మెషీన్లు పదేళ్ల నాటివైనా సరే.

అపోహ: మూసిన యూనిట్ పాత నష్టాలు ఇక పోయినట్టే.

వాస్తవం: రిటర్న్ గడువులోగా వేసి ఉంటే 8 ఏళ్ల వరకు రైస్ మిల్లు లాభంలో సర్దుకోవచ్చు. లాభం చాలక సర్దుబాటు కాని తరుగుదలకు ఆ పరిమితి కూడా లేదు.

అపోహ: మూసేశాక దాని అప్పు మీద వడ్డీని ఖర్చుగా చూపకూడదు.

వాస్తవం: గొడవంతా ఇక్కడే. రెండూ కలిసి ఒకే వ్యాపారమా, వేర్వేరా అన్నదే ప్రశ్న. నగల వ్యాపారం చేస్తున్న ఒక సంస్థ తన సినిమా ప్రదర్శన వ్యాపారాన్ని ఆపేసినా, థియేటర్ కట్టడానికి తెచ్చిన అప్పు వడ్డీని ఖర్చుగా చూపవచ్చని 1996లో వీకమ్‌సీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెండూ ఒకే వ్యాపారంలో భాగాలన్నదే అక్కడ ఆధారం. అందుకే ఒకే యాజమాన్యం, ఉమ్మడి నిధులు, ఉమ్మడి స్టాఫ్ అని చూపే కాగితాలు జాగ్రత్తగా దాచండి. మూసేటప్పుడు పనివాళ్లకిచ్చే పరిహారాన్ని ఖర్చుగా చూపడానికీ అవే కావాలి.

అపోహ: సరుకు ఇచ్చినవాళ్లు బాకీ వదిలేస్తే దాని మీద పన్నుండదు.

వాస్తవం: ఆ సరుకు ఖర్చును ముందే చూపారు కదా. వదిలేసిన మొత్తం ఆ ఏడాది మీ ఆదాయమే.

నడుస్తున్న యూనిట్‌ను మొత్తంగా ఒకే ధరకు అమ్మితే అది స్లంప్ సేల్. అమ్మిన ధరలోంచి యూనిట్ నికర విలువ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) తీసేసి లాభం లెక్కిస్తారు. యూనిట్ మీ చేతిలో 36 నెలలు దాటి ఉంటే 12.5 శాతం పన్ను, సెస్ అదనం. మెషీన్లు ఊడదీసి విడివిడిగా అమ్మాక ఈ దారి మూసుకుపోతుంది కాబట్టి, కొనేవాళ్లు ఉన్నారేమో మిల్లు ఆడుతుండగానే చూడండి.