అరణ్య యాత్ర: మన ఇళ్లలో వినిపించే అపోహలు, వాక్యం చెప్పే వాస్తవాలు

సంఘ కాపరిగా ఇళ్లకు వెళ్లినప్పుడు నాకు తరచూ వినిపించే మాట, "మేము అరణ్యంలో ఉన్నాం పాస్టర్ గారూ." ఉద్యోగం పోయినా, అమ్మాయికి సంబంధం కుదరకపోయినా, డయాలసిస్ ఖర్చు మోయలేకపోయినా అదే మాట. అలా అనుకోవడంలో తప్పు లేదు. కానీ ఓదార్చడానికి వచ్చినవాళ్లు "మీలో ఏదో పాపం ఉంది", "మీరు సణుగుతున్నారు, అందుకే ఆలస్యం" అని చెప్పి వెళ్తుంటే ఆ ఇల్లు ఇంకా కుంగిపోతోంది. ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి విడుదలై, మోషే నాయకత్వంలో అరణ్యం గుండా కనాను దేశానికి నడిచిన ఇశ్రాయేలీయుల కథ బైబిల్లోని నిర్గమకాండము, సంఖ్యాకాండములో ఉంది. వాటిని నిదానంగా చదివిన ఎవరూ అంత తేలిగ్గా ఆ మాటలు అనలేరు.

అపోహ: 11 రోజుల దారికి 40 ఏళ్లు పట్టింది, కాబట్టి ఆలస్యమంతా శిక్షే.

ఆ 11 రోజులు హోరేబు, అంటే సీనాయి కొండ, నుంచి కనాను సరిహద్దు దగ్గరి కాదేషు బర్నేయ వరకు పట్టే ప్రయాణం. ఐగుప్తు నుంచి కనాను దాకా కాదు. సీనాయి దగ్గర ఇశ్రాయేలీయులు దాదాపు 11 నెలలు ఆగారు. ధర్మశాస్త్రం అందుకున్నదీ, ఆరాధన కోసం ప్రత్యక్ష గుడారం కట్టిందీ అక్కడే. కనానును చూసి వచ్చిన వేగులవాళ్ల మాట విని జనం భయపడి వెనుదిరిగాక 40 ఏళ్ల తీర్పు వచ్చిన మాట నిజమే. కానీ మొట్టమొదటి చుట్టుదారి దేవుడే ఎంచుకున్నాడు. ఫిలిష్తీయుల దేశం మీదుగా దారి దగ్గరే. అయినా యుద్ధం చూసి భయపడి మళ్లీ ఐగుప్తుకు పోతారేమోనని ఆ దారిన నడిపించలేదు (నిర్గమ 13:17). ఆ చుట్టుదారి వాళ్ల భయం ఎరిగి దేవుడు చూపిన దయ.

అపోహ: బాధ చెప్పుకుంటే సణిగినట్టే.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే, ఎందుకంటే ఈ మాట ఎక్కువగా పడేది ఇంట్లో ఆడవాళ్ల మీద. అరణ్యంలో మారా అనే చోట ఏం జరిగిందో చూడండి. మూడు రోజులు నీళ్లు లేవు, దొరికినవి చేదు. జనం సణిగారు. దేవుడు ఒక చెట్టు చూపించి నీళ్లు తియ్యగా చేశాడు. శిక్ష లేదు. తర్వాత రెఫీదీము అనే చోట దాహంతో పిల్లలు, పశువులు చచ్చిపోతాయని గొడవపడ్డారు. అక్కడ వాళ్లు దేవుణ్ణి శోధించారని వాక్యం నిర్మొహమాటంగా చెబుతుంది. అయినా బండలోంచి నీళ్లిచ్చాడు.

మరి సంఖ్యాకాండము 11లో దేవుని కోపం ఎందుకు రగిలింది? అక్కడ ఆకలి లేదు, దేవుడు అరణ్యంలో ఇచ్చిన ఆహారం మన్నా రోజూ దొరుకుతోంది. చేపలు, దోసకాయలు, ఉల్లిపాయలు తలుచుకుని, ఐగుప్తులో అవన్నీ ఉచితంగా తిన్నామని ఏడ్చారు. తమ మగపిల్లలను నదిలో పడేయమన్న దేశాన్ని గురించి వాళ్లన్న మాట అది! అవసరం అడగడం వేరు, విడుదలనే తప్పుపట్టడం వేరు.

అదే అధ్యాయంలో మోషే దేవుడితో ఏమన్నాడు? ఈ జనాన్నంతా నేనే కన్నానా, ఒంటరిగా మోయలేను, ఇలాగైతే నన్ను చంపెయ్ అన్నాడు. దేవుడు అతన్ని గద్దించలేదు. భారం పంచుకోవడానికి 70 మంది పెద్దలను ఏర్పాటు చేశాడు. మంచంపట్టిన అత్తగారిని ఏళ్ల తరబడి చూసుకుంటున్న కోడలు "ఇక నావల్ల కాదు" అంటే విశ్వాసం తగ్గిందని తేల్చేయకండి. ఆమెకు కావలసింది వారానికి రెండు పూటలైనా వచ్చి కూర్చునే ఆడపడుచు.

అపోహ: దేవుని పనిలో ఉన్నవాడి కుటుంబాన్ని దేవుడే చూసుకుంటాడు.

నాలాంటి సేవకుల ఇళ్లలో ఇది చాలా నష్టం చేసింది. నిర్గమకాండము 18లో మోషే మామగారు యిత్రో తన కూతురు, అంటే మోషే భార్య, సిప్పోరాను, మనవళ్లు గెర్షోమును, ఎలీయెజెరును వెంటబెట్టుకుని అరణ్యానికి వచ్చాడు. మోషే మామగారికి నమస్కరించి ముద్దు పెట్టుకున్నాడు, క్షేమసమాచారాలు అడిగాడు. భార్యాబిడ్డలు వచ్చిన మర్నాడే ఉదయం నుంచి సాయంత్రం దాకా జనం తగవులు తీరుస్తూ కూర్చున్నాడు. అది చూసిన యిత్రో, నువ్వు చేస్తున్నది మంచిది కాదు, నలిగిపోతావు అని అల్లుడి ముఖాన్నే చెప్పాడు. వెయ్యి మందికి, వంద మందికి, యాభై మందికి, పది మందికి అధికారులను పెట్టమన్నాడు. మిద్యాను యాజకుడైన మామగారు చెప్పిన మాటను మోషే విన్నాడు. మామగారి మాట వినడం నామోషీ అనుకునే అల్లుళ్లు మన సంఘాల్లో చాలామందే ఉన్నారు.

అపోహ: పెద్దల పాపం పిల్లలకు శాపంగా తగులుతుంది.

తల్లిదండ్రుల నిర్ణయాలకు పిల్లలు ఖరీదు చెల్లించారు. అరణ్యంలో పెరిగారు కదా. కానీ కొల్లబోతారని ఏ పిల్లల గురించి భయపడ్డారో, వాళ్లనే లోపలికి తీసుకెళ్తానని దేవుడు మాటిచ్చాడు. మోషే మీద తిరుగుబాటు చేసిన కోరహు నశించాడు, అతని కుమారులు మాత్రం చావలేదు (సంఖ్యా 26:11). 42వ కీర్తన మీద కోరహు కుమారుల పేరే ఉంది. తాగుబోతు తండ్రి కొడుకుని "శాపగ్రస్తుడు" అనేముందు ఆ వచనం ఒకసారి చదవాలి.

అపోహ: కుటుంబ ప్రార్థన అంటే పిల్లలు నోరు మూసుకుని కూర్చోవడం.

ద్వితీయోపదేశకాండము 6లో పిల్లవాడే ప్రశ్న అడుగుతాడు. తండ్రి జవాబు "మనం ఫరోకు దాసులమై ఉన్నాం" అని మొదలవుతుంది. సండే స్కూల్లో పిల్లలు అడుగుతుంటారు, రోజూ మన్నాయేనా, బోర్ కొట్టలేదా అని. కొట్టిందనే చెప్పండి, వాక్యమే అలా రాసింది. దాన్ని తిరగలిలో విసిరి, రోట్లో దంచి, పెనం మీద కాల్చి రొట్టెలు చేసుకున్నారని కూడా చెప్పండి. తర్వాత మీ ఇంట్లో జీతం రాని నెలల్లో అమ్మ ఏం వండిందో, అప్పు ఎవరు ఇచ్చారో, ఏ ప్రార్థనకు జవాబు ఆలస్యమైందో దాచకుండా చెప్పండి.